సలోమి సంతకం

బయ్యారం నుంచి వచ్చి భూపాలపల్లిలో ఉద్యోగం చేస్తున్న సలోమి, కీబోర్డు ముట్టుకునే ముందు తెల్లకాగితం మీద పెన్సిలుతో బాణాలు, గళ్లు గీస్తుంది. ఎవరైనా పలకరిస్తే తలెత్తకుండానే జవాబిస్తుంది. గనిలో డ్రైవర్లు లేకుండా నడిచే బొగ్గు లారీలకు ఒక్కోదానికి ఒక్కో ప్రోగ్రాం ఉంటుంది. కూడలి దగ్గర ఏది ముందు పోవాలో ఆ ప్రోగ్రాములు తమలో తామే మాట్లాడుకుని తేల్చుకుంటాయి. ఎలాంటి పరిస్థితిలోనూ రెండు లారీలకు ఒకేసారి దారి దొరకదని గణితంతో నిరూపించడం ఆమె పని.

లారీలను గనిలోకి దింపే ముందురోజు మేనేజర్ కరుణాకర్, లారీలు గుద్దుకోవని నిరూపణ అయిందని రాసిన కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"కంప్యూటర్ల పదివేల సార్లు నడిపి చూసినం. ఒక్కసారి గూడ గుద్దుకోలే. సంతకం పెట్టు."

"పెట్టనన్నా. ఒక లారీ పంపిన మాట ఇంకోదానికి లేటుగ అందితే, రెండూ దారి నాదే అనుకుంటయి. ఆ చౌరస్తాలకెల్లే మన కూలోళ్ల వ్యాను గూడ పోతది."

"గట్ల లక్షల ఒక్కసారి అయితదేమో! పైవాళ్లకు నేనేం చెప్పాలె?"

"సలోమి ఒప్పుకుంటలేదని చెప్పన్నా."

ఆమె చెయ్యి కలం వైపు పోలేదు. కరుణాకర్ విసురుగా వెళ్లిపోయాడు. తొమ్మిది రోజులు ఆఫీసులో ఎవరూ ఆమెతో సరిగా మాట్లాడలేదు. అవతలి లారీ నుంచి బదులు అందేదాకా ఏ లారీ కూడా కూడలిలోకి కదలకూడదని ఆమె నియమం మార్చింది. మొదటి నుంచి మళ్లీ నిరూపించి, పదో రోజు సంతకం పెట్టింది. లారీలు గనిలోకి దిగాయి.

నెల తర్వాత కరుణాకర్ కొత్త క్రేన్ల ప్రోగ్రాం పట్టుకొచ్చి, ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఇంకా ఒక్కసారి గూడ నడపలే," అన్నాడు. "ముందుగాల నువ్వు చూడు."