తాలీం గోడ మీద ఆరో మేకు

మనిషి బలాన్ని కొలవడానికి ఆ రోజుల్లో ఆదోనిలో, నాకు తెలిసినంతవరకు, మూడు పద్ధతులుండేవి. ఒకటి, దూది బోరెం, అంటే దూది కుక్కిన గోనె మూట, వీపున వేసుకుని ఎన్ని మెట్లు ఎక్కగలడో చూడటం. రెండు, తిరునాళ్లలో రాతి గుండు ఎత్తించడం. మూడు, మేం కుస్తీ, కసరత్తు చేసే మా తాలీం గోడకు కొట్టిన మేకులు. వీటికి నాలుగో పద్ధతి నేను చేర్చాను: నోటుపుస్తకం. మొదటి మూడింటికీ చెమట కావాలి, నాలుగోదానికి పెన్సిలు చెక్కుకుంటే చాలునని తాలీంలో అందరూ నవ్వేవాళ్లు. నన్ను ‘పుస్తకం పైల్వాన్’ అనేవాళ్లు. (ఎదురుగానే అనేవాళ్లు. వెనక ఏమనేవాళ్లో నేను రాసుకోలేదు.)

మేకుల సంగతి చెప్పాలి. మా తాలీం అంటే ఒక గది, అందులో ఎర్రమట్టి గోదా, మూలన కర్ర గదలు, అంతే. బయటి ఊరి పోటీలో గెలిచి వచ్చినవాడికి మా గురువు ఉస్తాద్ తన చేత్తో గోడకు ఒక మేకు కొట్టేవాడు. ఇక ఆ మనిషి చొక్కా విప్పి దర్జాగా దానికి తగిలించుకోవచ్చు. మిగతావాళ్లం మడిచి కిటికీ గట్టు మీద పెట్టుకోవాలి. నేను చేరేనాటికి గోడ మీద ఐదు మేకులున్నాయి. ఐదోది గుండన్నది. ఆయన నేను పనిచేసే పత్తి మిల్లులోనే హమాలీ. రాతి గుండును పసిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు భుజానికెత్తేవాడు కాబట్టి ఆ పేరు. మిల్లులో నన్ను ‘సారూ’ అనేవాడు, తాలీం గడప దాటితే ‘అప్పా’ అనేవాడు. నా చొక్కా రెండేళ్ల ఎనిమిది నెలలు కిటికీ గట్టు మీదే ఉంది. (ఇది మాత్రం రాసుకున్నాను.)

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, పత్తి మిల్లులో యంత్రాలు చూసుకునే ఉద్యోగంలో చేరాను. గుండు ఎత్తడం నాకు నచ్చలేదు. గుండు బరువెంతో ఎవరికీ తెలియదు, రేపు దానికి ఇంకొంత బరువు కలపడం కుదరదు. అందుకని యజమానిని అడిగి, పక్కన పారేసిన పాత షాఫ్టు ముక్క ఒకటి, అరిగిపోయిన బెల్టు చక్రాలు నాలుగు తాలీంకు మోయించాను. మోయించే ముందు, ఒక ఆదివారం గుమాస్తా లేనప్పుడు, మిల్లు కాటా మీద తూచాను. అన్నీ కలిపి ఒకేసారి తూస్తే తప్పు దొర్లవచ్చని ఒక్కొక్కటీ విడిగా తూచాను. షాఫ్టు ఇరవై ఐదు పౌన్లు, చక్రం ఒక్కోటి ముప్పై. మొత్తం నూట నలభై ఐదు. కాటా ఖాళీగా ఉన్నప్పుడు కూడా తూకపు రాళ్ల తట్ట వైపు కొంచెం ఒరిగి ఉండేది. పాతదై ఒరిగిందిలే అనుకున్నాను. యంత్రాలు చదువుకున్నవాడు అలా అనుకోకూడదు.

మొదటి ఏడు రెండు చక్రాలతోనే సరిపెట్టుకున్నాను. పుస్తకంలో ఐదు గడులు: తేదీ, బరువు, ఎన్నిసార్లు, తిన్నది, వ్యాఖ్య. వ్యాఖ్యల్లో ఎక్కువగా ‘నడుము’ అని ఒక్కమాటే కనిపిస్తుంది. రెండో ఏడు చివర మూడో చక్రం నడిమికి బిగించాను. మూడో ఏడు నాలుగు చక్రాలూ పెట్టి, పదకొండు సార్లు విఫలమై, పన్నెండోసారి తలపైకి ఎత్తాను. ‘145. ఒక్కసారి. ఎడమ మోకాలు వణికింది’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఉస్తాద్ పుస్తకంలోకి తొంగి చూసి, “అరే బేటా, ఇనుముకు సదువు రాదు. దానికి నువ్వు రాసేది యాడ తెలుస్తుంది?” అన్నాడు.

ఆ శ్రావణంలో ఎమ్మిగనూరులో బరువులెత్తే పోటీ పెట్టారు. ఒంటి బరువు నూట ముప్పై పౌన్లలోపు ఉన్నవాళ్లకు మాత్రమే. మా తాలీంలో అంత తేలికైన మనిషిని నేనొక్కణ్ణే. (నన్ను ఎంపిక చేశారని ఇన్నాళ్లూ ఇంట్లో చెబుతూ వచ్చాను. ఇదీ అసలు సంగతి.) నేను బయల్దేరేటప్పుడు ఉస్తాద్ డబ్బాలోంచి సుత్తి, ఒక మేకు తీసి కిటికీ గట్టు మీద, సరిగ్గా నా చొక్కా పెట్టే చోట పెట్టాడు. “గెలిస్తే గోడకు. లేకుంటే డబ్బాలోకి” అన్నాడు.

నాకు తోడు గుండన్న వచ్చాడు. బస్సు నిండా శ్రావణ మాసం కదా, ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయే జనం. నిలబడే వెళ్లాం. దారి పొడవునా నా లెక్క చెప్పాను: మూడు అవకాశాల్లో మొదట నూట ముప్పై, తర్వాత నూట నలభై, ఆఖరున నూట నలభై ఐదు. గుండన్న అంతా విని, “నువ్వు పోటీకి పోతాండావా, పరీచ్చకు పోతాండావాప్పా?” అన్నాడు.

పోటీ ఒక మగ్గాల షెడ్డు ముందు జరిగింది. నడిపేది నేత మేస్త్రీ, నిండుగా మీసాలున్న పెద్దాయన. ఇనుప కడ్డీ, బిళ్లలు మద్రాసు నుంచి తెప్పించారట. ఒక్కో బిళ్ల మీద బరువు పోతపోసి ఉంది. నా వంతు వచ్చింది. నూట ముప్పై అడిగాను. వంగి, ఊపిరి బిగించి, నూట ముప్పైకి తగినంత బలం పెట్టి లాగాను. కడ్డీ నా గడ్డానికి తగలబోయేంత వేగంగా పైకొచ్చింది! తలపైకి వెళ్లి అక్కడ ఖాళీ గొడుగులా నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. మరొకడైతే దండం పెట్టి దిగేవాడు. నేను కడ్డీ దించి మేస్త్రీ దగ్గరికి వెళ్లి, “అయ్యా, మీ బిళ్లల్లో బరువు తక్కువుంది” అన్నాను.

మేస్త్రీ చెవి నా వైపు తిప్పాడు.

“ఏమంటివి?”

“పోతపోసిన అంకె తప్పు. నూట ముప్పై ఇంత తేలిగ్గా ఉండదు. నాకు తెలుసు. రాసుకున్నాను.”

“గెలిసేవాడు తగువు పెట్టుకునేది ఈడే చూస్తాండా!” అని మేస్త్రీ మీసం దువ్వాడు. “తూపిస్తా. సరిగ్గా ఉంటే నీ అవకాశం ఒకటి కోత. ఒప్పుకుంటావా?”

ఒప్పుకున్నాను. గుండన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. నూలు తూచే కాటా బయటికి తెచ్చారు. కడ్డీ, బిళ్లలు ఒక్కొక్కటీ తూచారు. రవ్వ కూడా తేడా లేదు. “ఆదోనాయప్పా, ఇంగ మా కాటా గూడా దొంగదేనా?” అని ఎవరో అరిచారు. నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. నాకు కిటికీ గట్టు మీది మేకు, అది వెళ్లి పడబోయే డబ్బా కళ్లముందు కనిపించాయి.

గుండన్న నన్ను పక్కకు లాగాడు. “నీ చక్రాలు యాడ తూసినావప్పా?”

“మన మిల్లు కాటా మీద.”

“గోనె తరుగు తీసినావా?”

“ఏ తరుగు?”

“అయ్యో నా సామీ! దూది గోనెసంచితోనే తూస్తాం గదా! సంచి బరువు పోవల్లని రాళ్ల తట్ట కింద ఐదు పౌన్ల ఇనుప ముక్క కట్టిండారు. ఉత్త ఇనుము తూస్తే అది ఐదు పౌన్లు తక్కువే సూపిస్తుంది. ఎన్నిసార్లు తూసినావు?”

“విడివిడిగా... ఐదుసార్లు.”

గుండన్న గొంతు తగ్గించి నవ్వడానికి ప్రయత్నించి ఓడిపోయాడు. నేను మాత్రం గుణించుకున్నాను. ఐదైదులు ఇరవై ఐదు. ఒక్కసారి అజాగ్రత్తగా తూచి ఉంటే ఐదు పౌన్లే పోయేవి. జాగ్రత్త పడినందుకు ఇరవై ఐదు పోయాయి. నేను తాలీంలో ఎత్తింది నూట నలభై ఐదు కాదు, నూట డెబ్బై.

ఈలోపు ఎమ్మిగనూరు నేతగాడొకడు, మగ్గం నేసి నేసి ముంజేతులు రోకళ్లలా ఉన్నవాడు, నూట అరవై ఐదు ఎత్తేశాడు. నాకు మిగిలింది ఒక్క అవకాశం. నూట డెబ్బై అడిగాను. బిళ్లలు ఎక్కిస్తుంటే ఒక్కొక్కటీ కూడుకుంటూ నిలబడ్డాను. ఎప్పటికైనా ఎత్తాలని ఇన్నాళ్లూ ఆ అంకెను పుస్తకంలో చివరి పేజీకి దాచుకున్నాను.

“గుండన్నా, నూట డెబ్బై!”

“అదే ఇనుమప్పా. పేరు మారింది, బరువు మారలే. పో, ఎత్తు.”

ఎత్తాను. భుజాల దాకా వచ్చాక ఎడమ మోకాలు వణికింది. ఆ వణుకు నాకు పాత పరిచయం. పుస్తకంలో ఉంది. దాంతో ధైర్యమొచ్చి పైకి తోశాను. మోచేతులు నిలిచాయి. మేస్త్రీ చెయ్యెత్తి దించమనేదాకా దించలేదు. దించాక అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆ నేతగాడే. గుండన్న నోట గోనె తరుగు సంగతి విన్న మేస్త్రీ నాకు శాలువా కప్పుతూ, “ఇంగోసారి కాటా కడిగి తూసుకోని రా నాయనా” అన్నాడు.

ఆదోనికి తిరిగొచ్చాక ఉస్తాద్ మేకు కొట్టబోతే నేను మట్టపు బద్ద తీసి, మిగతా ఐదింటికి సమంగా గీత గీస్తానన్నాను. “నీ లెక్కలు సూసినాం గదా, పక్కకు జరుగు” అని ఒక్క దెబ్బ వేశాడు. మేకు కొంచెం వంకరగా దిగింది. నా చొక్కా దాని మీద రెండేళ్లు, ఉద్యోగం మారి ఊరు విడిచేదాకా, వంకరగానే వేలాడింది. పుస్తకంలోని అంకెల్ని నేను దిద్దలేదు. అందులో ఇప్పటికీ నా అత్యధిక బరువు నూట నలభై ఐదే.

చాలా ఏళ్లకు, పొట్ట వచ్చి, కళ్లజోడు వచ్చి, పని మీద ఆదోని వెళ్లినప్పుడు తాలీంలోకి తొంగి చూశాను. గోడ నిండా మేకులు. ఎడమ నుంచి లెక్కపెట్టాను. ఆరోది వంకరగా అక్కడే ఉంది. దానికి ఎవరిదో నీలం చొక్కా వేలాడుతోంది. ఆ మేకు నాదని ఎవరికీ చెప్పలేదు. గోదాలో నాలుగు బస్కీలు తీద్దామనిపించి, చొక్కా విప్పి, నాలుగు మడతలు సమంగా మడిచి, కిటికీ గట్టు మీద పెట్టాను.