సిమెంటు పలకలో కోడికాలు

శంషాబాద్ దగ్గర ఒక ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. సైన్స్ ప్రదర్శన కోసం మా కరస్పాండెంట్ ఎక్కడినుంచో ఒక రాతి పలక తెప్పించాడు. దాని మీద ఈకలున్న చిన్న డైనోసార్ శిలాజం. చైనాలో దొరికిందట. దగ్గరికి వెళ్తే కుళ్లు కంపు. గోటితో గీకితే సిమెంటు రాలింది. ఈకల మొదళ్లలో జిగురు ఎండి పచ్చగా గడ్డకట్టింది. నేరుగా కరస్పాండెంట్ దగ్గరికి వెళ్లాను.

"సార్, ఇది డూప్లికేట్."

"పేరెంట్స్‌కు ఏం తెలుస్తది మేడమ్? పక్కన నిలబడి జర మంచిగ చెప్పుండ్రి."

నిలబడ్డాను. కంపు తెలియకుండా ఎవరో సెంటు కొట్టారు, దాంతో మరీ రోత పుట్టింది. పక్షులు డైనోసార్ల నుంచి వచ్చాయనడానికి ఇదే సాక్ష్యమని పొద్దున్నుంచీ వచ్చినవాళ్లకు చెప్పాను. చెప్పే సంగతి నిజమే, చూపించేదే అబద్ధం. చెప్పిన ప్రతిసారీ నోట్లో చేదు ఊరింది.

మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్ల తల్లి వచ్చింది. పహాడీ షరీఫ్ రోడ్డులో చికెన్ దుకాణం ఆమెది. పలక మీదికి వంగి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"టీచరమ్మా, గిది కోడికాలే. రోజూ కోసేదాన్ని, నాకు ఎర్కలేదా? పురుగు గూడ పడ్డది సూడు."

గోళ్ల సందులో తెల్లటి పురుగు మెదులుతోంది. వెనక నిలబడ్డ తల్లిదండ్రులంతా నా ముఖం చూశారు. ఆ పురుగును చూసినప్పటికంటే నన్ను చూసుకుంటేనే ఎక్కువ అసహ్యమేసింది.

"అవునక్కా, ఇది డూప్లికేట్. నాకు పొద్దున్నే తెలుసు."

"మరి కోళ్లు గా జంతువులకెల్లి వచ్చినయన్నది గూడ అబద్ధమేనా?"

విమానం దిగే మోత తగ్గేదాకా ఆగి చెప్పాను. ఆ మాట నిజమేననీ, ఈకల అచ్చులు రాతిలో దిగిన డైనోసార్లు నిజంగానే దొరికాయనీ, నోట్లో పళ్లూ పొడుగాటి తోక ఎముకలూ ఉన్న పాతకాలపు పక్షులూ దొరికాయనీ చెప్పాను. కోడి మెడ కింద పంగలకర్రలా ఉండే ఎముక మాంసం తినే డైనోసార్లకూ ఉండేదన్నాను.

ఆమె తన మెడ కింద వేలు పెట్టి చూపింది. "గీడనా? కోసేటప్పుడు కత్తికి తగుల్తది."

సాయంత్రం కరస్పాండెంట్ గదిలోకి పిలిచాడు. "బడి ఇజ్జత్ తీసిండ్రు."

"ఆ పలక పెట్టినప్పుడే తీసినం సార్," అని రాజీనామా రాసిచ్చాను.

ఇప్పుడు బడంగ్‌పేట్‌లో వేరే బడి. ఆ పొద్దున నా మాట విని పలక నిజమైనదేనని నమ్మి వెళ్లినవాళ్లను మాత్రం మళ్లీ కలవలేదు.