ఓబులేసు గొంతు, రేకుల కింద ఈతకొలను

2023 వేసవి. అనంతపురంలో ఒక ఈఎన్‌టీ క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. గొంతు పోయినవాళ్లకు మాట తిరిగి తెప్పించడం నా పని. టీచర్లు, కండక్టర్లు, భజనలు పాడేవాళ్లు వస్తుంటారు. దాదాపు అందరి రోగమూ ఒకటే, అరవడం. ఇరవై ఏళ్లు అదే చూసి చూసి, మనిషి గుమ్మం దాటకముందే రోగం చెప్పేయగలనన్న పొగరు పట్టుకుంది నాకు.

ఆ పొగరుకు దొరికినవాడు ఓబులేసు. కళ్యాణదుర్గం దగ్గరివాడు, యాభైకి దగ్గర పడ్డాడు, టమోటా మండీలో వేలం పాడతాడు. పొద్దున్నుంచి క్రేట్ల మధ్య నిలబడి ధర అరవాలి. గొంతు బొంగురుపోయి రెండు నెలలైంది. మా డాక్టరు లారింగోస్కోపీ చేశారు, అంటే సన్నటి కెమెరా గొట్టంతో స్వరతంత్రులను చూడటం. అవి ఎర్రగా వాచి ఉన్నాయి. ఏళ్ల తరబడి అరిచేవాళ్లకు తరచుగా కనిపించే నాడ్యూల్స్, చిన్న కాయల్లాంటివి, మాత్రం లేవు. అక్కడే నేను ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు.

"బీడీ తాగుతావా?"

"దాని మొగమే సూడను మేడం."

"అయితే అరుపే. వేలం మానుకోవాలప్పా," అని చీటీ రాసిచ్చాను.

"ఇరవై ఏండ్లుగా ఈ గొంతుతోనే బతుకుతాండా మేడం. పాట మానుకుంటే మండీలో నన్నెవురు లెక్కజేస్తారు?" అన్నాడు. జాలేసింది. చీటీ మాత్రం మార్చలేదు.

మాట వినే మనిషి. చీటీ తీసుకెళ్లి మండీ యజమానికి చూపించాడు. ఆయన వేలం ఇంకొకరికి అప్పగించి, ఓబులేసును కాటా దగ్గర కూర్చోబెట్టాడు.

నెల తర్వాత వచ్చాడు. గొంతు ఇంకా అధ్వాన్నం, గుసగుస తప్ప మాట లేదు. అరుపు మానేస్తే వాపు తగ్గాలి కదా!

"నిజం చెప్పప్పా, దొంగతనంగా పాడుతున్నావా?" అని కసిరాను.

"దేవుని తోడు లేదు మేడం. కాటా కాడ పనేముండాది? రెండు పూట్లా ఈదేకి పోతాండా."

"ఈతా? యాడ?" అన్నాను.

మోకాళ్ల నొప్పికి ఎవరో ఈదమన్నారట. వేరుశెనగ చేల మధ్య కొత్తగా కట్టిన స్విమ్మింగ్ పూల్‌కు మూడు నెలలుగా పోతున్నాడు. ఈ కరువు సీమలో రోగిని ఈత గురించి అడగాలని నాకు ఏనాడూ తోచలేదు.

ఆదివారం పోయి చూశాను. నీళ్లన్నీ ట్యాంకర్లతో తెచ్చి పోసినవి. ఎండకు ఆవిరైపోతాయని పైన రేకులు వేసి, చుట్టూ టార్పాలిన్ పట్టలు కట్టేశారు. గాలి ఆడదు. మండీ నుంచి, చేల నుంచి వచ్చినవాళ్లు చెమటతోనే దూకుతున్నారు. ఇళ్లలో కుళాయి వచ్చేది నాలుగు రోజులకోసారి, స్నానం కూడా ఇక్కడే అయిపోతుందని వాళ్ల లెక్క. నిలబడిన కాసేపటికే నాకు కళ్లు మండి దగ్గొచ్చింది.

"వాసన సూడండి మేడం, ఎంత శుద్ధంగా పెట్టినామో!" అన్నాడు పూల్ యజమాని.

"శుద్ధమేంది నా తలకాయ! అది మురికి వాసనప్పా," అన్నాను. క్లోరిన్ చెమటతో, మురికితో కలిస్తే క్లోరమైన్ అనే, గొంతును మండించే వాయువు పుడుతుంది. ఆ ఘాటు నీటి మీదే పరుచుకుని ఉంటుంది. ఈదేవాడి నోరూ ముక్కూ ఉండేది అక్కడే. ముందు అందరినీ ఒళ్లు కడుక్కోమనాలి, పట్టలు ఎత్తాలి, నీళ్లు మార్చాలి అని చెప్పాను.

"నీళ్లు మార్చాలంటే యాడ తెద్దును మేడం?" అన్నాడు. పట్టలు మాత్రం అప్పుడే ఎత్తించాడు.

ఓబులేసు చేత ఈత మాన్పించాను. మూడు వారాలకు కెమెరాలో స్వరతంత్రులు తెల్లగా కనిపించాయి. సంతోషం పట్టలేక నా గదిలోనే టమోటా ధర పాడాడు. బయట కూర్చున్నవాళ్లు ఏమైందోనని తలుపు తోసుకుని వచ్చారు.

నేనే మండీకి పోయి, తప్పు నాదని, ఓబులేసు గొంతుకు వేలం వల్ల వచ్చిన నష్టమేమీ లేదని చెప్పాను. యజమాని మర్యాదగానే విన్నాడు.

"మీరు చెప్పింది నిజమే మేడం. కానీ ఇప్పుడు పాడే ఆయప్పకూ సంసారముండాది. వాని నోటికాడి కూడు ఎట్ల లాగేసేది?"

ఓబులేసు కాటా దగ్గరే ఉండిపోయాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఇప్పుడు ఎవరినైనా పని మానమని రాసే ముందు, పని కాక రోజంతా ఎక్కడెక్కడ తిరుగుతారో, ఏ గాలి పీలుస్తారో అడుగుతాను. ఒక నిమిషం పడుతుంది. ఆ నిమిషం మొదటి రోజే ఖర్చుపెట్టి ఉంటే, ఓబులేసు ఇవాళ కూడా క్రేట్ల మధ్య నిలబడి ధర పాడుతూ ఉండేవాడు.