వంక మలుపు నుంచి పది అడుగులు

మా అమ్మను పూడ్చిన చోట మేం రాయి పాతలేదు. మా చేను క్యాసంబళ్ళికి దగ్గర్లో ఉంది. పడమట గుట్ట, తూర్పున వాననీళ్ళు పారే వంక. గుట్ట మీద ఒకదాన్నొకటి ఆనుకుని రెండు బండలుండేవి. వంక మలుపులో నిలబడి, ఆ బండలకేసి చూస్తూ పది అడుగులు వేస్తే అమ్మ. మా వైపు చేలల్లో చాలామంది ఇలాగే గుర్తు పెట్టుకుంటారు. గుట్టా వంకా ఎక్కడికి పోతాయిలే అనుకున్నాం.

"ఆయమ్మ పక్కనే నన్నూ పెట్టండప్పా" అని నాయన నాకూ అక్కకూ ఏడాదిలో నాలుగుసార్లు గుర్తు చేసేవాడు. మమ్మల్ని ఆయన కోరింది అదొక్కటే.

కోలారు జిల్లా గుట్టలు అంత ఎత్తేం కావు. బడిలో పటం గీసేటప్పుడు మా గుట్టకు చుక్క కూడా పెట్టలేదు. కానీ దాని మీద పడిన వానే మా వంక. చేను అంచునే తిరిగి, పోయి పాలారులో కలిసేది. గుట్ట కంకర క్రషర్ పాలయ్యాక ముందు బండలు పోయాయి, తర్వాత గుట్టే పోయింది. ఇప్పుడక్కడ పెద్ద గొయ్యి. వాన పడితే నీళ్ళు ఆ గోతిలోకే పోతాయి. కేజీఎఫ్‌లో బంగారు గనుల్లోంచి తోడిపోసిన దిబ్బలు మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడే కాపురముంటున్న అక్క పిల్లలు వాటినే కొండలంటారు. వింటే ఒళ్ళు మండుతుంది.

అయితే వంకను పూడ్చింది క్రషర్ వాళ్ళు కాదు, నేను. నీళ్ళు రాని వంక ఎందుకు, చేనిలో కలిపేస్తే టమాటాకు నాలుగు సాళ్ళు ఎక్కువొస్తాయి అనుకున్నాను. నాయన కంటి ఆపరేషన్‌కని అక్క ఇంట్లో ఉన్నాడు. జేసీబీ పిలిపించాను. మలుపు పూడ్చకుండా అక్కడ ఆగమని డ్రైవర్‌కు చెప్పి డీజిల్ తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి చేనంతా అరచేతిలా చదునుగా ఉంది.

"ఎట్లుండాది అన్నా?" అని డ్రైవర్ నవ్వాడు. బాగుందని తలూపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నాయన చూపు బాగుపడి తిరిగొచ్చాడు. మర్నాడు పొద్దున్నే చేనికి వెళ్ళాడు, వెనకే నేనూ వెళ్ళాను. మలుపు కోసం ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాడు. పడమటికి తిరిగాడు. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు. ఒకచోట నిలబడి పది అడుగులు వేశాడు. వెనక్కొచ్చి, ఇంకోచోటి నుంచి మళ్ళీ పది వేశాడు.

"యాడుండాదిరా మీయమ్మ?" అన్నాడు.

"ఈడే నాయనా, ఈ చుట్టుపక్కలే" అన్నాను. వేలు పెట్టి ఒక చోటు చూపించలేకపోయాను.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. "యాడ కాలు పెడితే ఆయమ్మ మీద పెడతామో" అంటూ మెల్లగా, వచ్చిన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ బయటికొచ్చాడు.

మా ఇంట్లో చనిపోయినవాళ్ళను పూడ్చడమే గాని కాల్చడం లేదు. చితి మాటెత్తితే నాయనకు భయం కూడా. ఆ రోజు అన్నం ముందు కూర్చుని, కలపకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

"నన్ను కాల్చేయండిరా. ఆ బూడిద చేనంతా చల్లండి. యాడో ఒకచోట ఆయమ్మకు తగుల్తాది" అన్నాడు.