నాలుగు ఖాళీ గళ్లు

గోడ పొడవు, ఎత్తు చెబితే ఇటుకలు ఎన్ని పడతాయో చెప్పడం నాకు చేతనైన పని. ఎనిమిదో తరగతితో బడి మానేసి, మేస్త్రీల వెనక తిరిగి ఈ లెక్కలన్నీ నేర్చుకున్నాను. ఈ తమిళనాడు ధర్మపురిలో మా వీధివాళ్లు కొలతలు రాసుకుని మా ఇంటికి వస్తారు. అందుకే నా కూతురికి నాలుగో నెలలో డాక్టరమ్మ ఇచ్చిన కాగితం తిన్నగా నా చేతికి వచ్చింది.

కాగితం నిండా గళ్లు. అడుగున కడుపులోని బిడ్డకు ఒకటి, దాని పైన తల్లిదండ్రులకు రెండు, ఆ పైన తాతలకు, అవ్వలకు నాలుగు, అన్నిటికంటే పైన ఎనిమిది. సొంతంలో, అంటే దగ్గరి చుట్టరికంలో పెళ్లి కాబట్టి సంబంధం ఎంత దగ్గరో చూడాలట. ఆ మాట విన్నప్పటి నుంచి నా కూతురికి అన్నం సయించడం లేదు.

“బిడ్డకేమన్నా లోపం ఉంటాదా నాయనా?”

“లెక్క తేలనీ తల్లీ” అన్నాను.

మా ఇంటి పెళ్లిళ్ల సంగతి చెప్పాలి. నా చెల్లెల్ని నా భార్య అన్నకు ఇచ్చి, ఆయన చెల్లెల్ని నేను చేసుకున్నాను. కుండమార్పిడి. అది చాలదన్నట్టు నా కూతుర్ని నా చెల్లెలి కొడుక్కే ఇచ్చాం. దాంతో పై వరసలో మా అమ్మ పేరు నా నెత్తిన ఒకసారి, నా చెల్లెలి నెత్తిన ఒకసారి రాయాల్సి వచ్చింది. మా నాన్నా అంతే. మా అత్తామామలూ అంతే. మూడుసార్లు లెక్కపెట్టాను. గళ్లు ఎనిమిది, మనుషులు నలుగురు.

“తక్కిన నలుగుర్ని యాడ పోగొట్టినావురా?” అంది అమ్మ.

“పోగొట్టలేదు మా. నువ్వే రెండు తావుల ఉండావు.”

అమ్మ సర్దుకుని కూర్చుంది. “అట్లయితే బిడ్డకి నా ముక్కు ఖాయం. రెండు దావల్లో వస్తాది.”

“నేనూ రెండు తావుల ఉండాను కదా వదినా” అంది మా అత్త. “అయినా నీ ముక్కు వస్తే ఇంక మొగానికి చోటు యాడుంది?”

“నీ చెవులు వస్తే ఆ బిడ్డ వాకిట్లో పక్కకి తిరిగి దూరాల!”

“మంచి రెండు దావల్లో వస్తే చెడ్డా వస్తాది కదా అవ్వా” అంది నా కూతురు.

నేను కాగితం ముందు కూర్చున్నాను. ఇటుకల లెక్కలో రెండు గోడలు కలిసే మూలను రెండుసార్లు వేస్తే తప్పు. రెండోది కొట్టేయాలి. ఆ పద్ధతి ప్రకారమే రెండోసారి వచ్చిన నలుగురినీ కొట్టేశాను. నాలుగు గళ్లు ఖాళీ అయ్యాయి. ఖాళీలున్న కాగితం ఎవరికైనా ఇవ్వడం నా వల్ల కాదు. పెరియంపట్టిలో ఉన్న చిన్నాన్ననూ పిన్నమ్మనూ రెండు గళ్లలో, మా అత్త తమ్ముణ్ణీ ఆయన భార్యనూ మిగతా రెండింటిలో వేశాను. ఎనిమిదీ నిండాయి. చూడ్డానికి ఎంతో చక్కగా ఉంది.

డాక్టరమ్మ దగ్గరికి అమ్మ కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మ కాగితం పైనుంచి కిందికి చూసి, తమిళంలో, “ఎనిమిది మందీ వేరు వేరు మనుషులే. అంటే ఇది దూరపు సొంతమే. రక్తపరీక్షలూ పెద్ద స్కానూ అక్కర్లేదు” అంది.

నా కూతురు హాయిగా ఊపిరి పీల్చుకుంది. నేను మాత్రం లేచి నిలబడ్డాను. నాలుగు ఇటుకలు ఎక్కువ చెబితే ఇంటి వెనకాల పడి ఉంటాయి. ఇక్కడ నేను ఎక్కువ వేసిన నలుగురి వల్ల నా బిడ్డకు జరగాల్సిన పరీక్షే ఆగిపోతోంది.

“డాక్టరమ్మా, అందులో నలుగురు పూరింపుకి వేసినవాళ్లు.”

“పూరింపుకా?”

“గళ్లు ఖాళీగా ఉంటే బాగుండదని.”

ఆమె కలం కింద పెట్టింది. “మీ పిన్నమ్మని తెచ్చి మీ చెల్లెలికి తల్లిని చేశారా?”

“ఒకే మూలని రెండుసార్లు లెక్కపెట్టకూడదు కదమ్మా.”

“మనుషుల్నయితే లెక్కపెట్టాలండీ. రెండు దారుల్లోనూ వచ్చేది ఎవరో తెలుసుకోవడానికే ఈ కాగితం.”

అమ్మకు అప్పటికి విషయం అందింది. “కన్నతల్లిని కొట్టేసినావా రా?” అని నా వీపు మీద ఒకటి చరిచి, బల్ల మీదికి వంగింది. “నన్ను మళ్లీ రాయి మా. రెండు తావులా రాయి.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక తల పక్కకు తిప్పుకుని, ఆ నలుగురినీ కొట్టేసి అసలువాళ్లను రాసింది. భార్యాభర్తలిద్దరికీ రక్తపరీక్ష, ఐదో నెలలో పెద్ద స్కాను, పుట్టాక బిడ్డకు వినికిడి పరీక్ష రాసిచ్చింది.

“నీకు లెక్క కావాల్నా, బిడ్డ కావాల్నా నాయనా?” అంది నా కూతురు బయటికొచ్చాక.

రక్తపరీక్షలో ఏ లోపమూ కనబడలేదు. స్కానులో గుండె గదులు నాలుగూ సరిగ్గా ఉన్నాయన్నారు. అయినా నా కూతురి భయం పోలేదు. నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. మర్నాడు నర్సు చిన్న మిషను తెచ్చి, నిద్రపోతున్న బిడ్డ చెవిలో గొట్టం పెట్టింది. గదిలో ఎవరూ కదల్లేదు. చీర చప్పుడవుతుందని అమ్మ కొంగు గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. ఆ చెవి బాగా వినబడుతోందని పచ్చ దీపం వెలిగింది. నర్సు బిడ్డను అటు తిప్పింది. మళ్లీ పచ్చ దీపం.

నా కూతురు మిషను వైపు చూడలేదు. నా వైపే చూసింది. “ఎన్ని నాయనా?”

“రెండు.”

“సరిగ్గా చూసినావా?”

“కుడిది ఒకటి, ఎడమది ఒకటి. రెండు.”

“ఇంకోసారి చెప్పు” అంది, ఏడుస్తూ నవ్వుతూ. చెప్పాను.