లారీ కింది జూలా

మా బావ ఆ రోజు తాగలేదు. ఈ మాట నేను ఆ రోజే చెప్పాల్సింది. దవాఖాన వరండాలో మా అక్క నా ఎదురుగా నిలబడి అడిగినప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. అబద్ధమూ ఆడలేదు, ఊరికే నేల చూశాను. అక్క దాన్నే జవాబు అనుకుంది. ఆ తర్వాత చెప్పడానికి ఎన్నో సందర్భాలు వచ్చాయి. ప్రతిసారీ అలసటగా ఉంది, ఇంకోసారి చూద్దాం అనుకున్నాను. అలా అనుకుంటూనే నా జుట్టు నెరిసింది.

బాన్సువాడ చుట్టుపక్కల వడ్ల లారీలు నడిపినవాళ్లకు జూలా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోతల కాలంలో లోడు తీసుకొని మిల్లుకు పోతే అక్కడ లారీల వరుస ఉంటుంది. మన వంతు ఈ రోజు రావచ్చు, ఎల్లుండి రావచ్చు. ఎండాకాలం క్యాబిన్‌లో కూర్చోలేం, సీటు కాలిపోతుంటుంది. నీడ ఉండేది లారీ కిందనే. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ, అటూ ఇటూ ఇనుప కమ్మీలకు తాళ్లు వేసి పాత చీర కట్టుకొని అందులో పడుకుంటాం. అదే జూలా.

బావ డ్రైవరు. నేను మొదట క్లీనరుగా ఆయన వెంట తిరిగాను, తర్వాత ఆయన పక్కనే స్టీరింగు నేర్చుకున్నాను. జూలాలో పడుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తిన్నగా పడుకుంటే నడుము వంగిపోయి లేచేసరికి మనిషి మనిషిలా ఉండడు. తల ఒక మూలకు, కాళ్లు ఎదుటి మూలకు పెట్టి ఓరగా పడుకోవాలి, అప్పుడు వీపు సాపుగా ఉంటుంది. ఎండాకాలం పలుచటి నూలు చీరే కట్టాలి, కింద నేల మీద నీళ్లు చల్లాలి, పడమటి వైపు తడి గోనె వేలాడదీయాలి. చలికాలం సంగతి వేరు. మొదటి చలికాలం నేను రెండు దుప్పట్లు కప్పుకొని కూడా వణుకుతుంటే బావ నవ్వాడు. "చలి మీదికెళ్లి వస్తదనుకుంటున్నవ్ బామ్మర్దీ. కిందికెళ్లి వస్తది" అన్నాడు. రెండు గోనె సంచుల మధ్య వరిగడ్డి పరిచి దబ్బనంతో కుట్టి నా వీపు కిందకు ఇచ్చాడు. ఆ తర్వాత ఒక్క దుప్పటి సరిపోయింది.

ఆయన జూలాకు మా అక్క పాత చీర కట్టేవాడు. మద్నూర్ వైపు నుంచి వచ్చే ఒక డ్రైవరు, సగం మరాఠీలో మాట్లాడేవాడు, అది చూసినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. ఇల్లు విడిచి ఇంత దూరం వచ్చినా పెళ్లాం కొంగు వదలవా అని అడిగేవాడు. బావ కళ్లు తెరవకుండానే "గీ కొంగు తిట్టది గదనే" అనేవాడు.

అక్క తిట్టడానికి కారణం ఉంది. బావ అంతకుముందు బాగా తాగేవాడు. కల్లుతో మొదలై కల్లుతో ఆగేది కాదు. వాళ్లకు ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల ఇంకా బడికి కూడా పోని రోజుల్లో, అక్క దాన్ని తెచ్చి ఆయన ముందు నిలబెట్టి, తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యమంది. వేశాడు. మా దిక్కు బిడ్డ తల మీద ఒట్టంటే మామూలు విషయం కాదు. తప్పితే అది బిడ్డకే తగులుతుందని నమ్ముతారు. బావ కూడా నమ్మాడు. తోటి డ్రైవర్లు సీసా చాపితే చాయ్ తెమ్మనేవాడు. పగలూ రాత్రీ ఆయన పక్కనే ఉన్నవాణ్ణి నేను. ఆ ఒట్టుకు నాకంటే పెద్ద సాక్షి లేడు.

ఆ రోజు సంగతి యాసంగి, అంటే ఎండాకాలం పంట, కోతలప్పుడు జరిగింది. రాత్రంతా బావ నడిపాడు. మిల్లు దగ్గర వరుసలో లారీ పెట్టి, జూలా కట్టుకొని, భోజనానికి రోడ్డవతల హోటలుకు పోయాడు. అంతలో మబ్బు పట్టి గాలి లేచింది. లోడు మీది టార్పాలిన్ ఒక పక్క తాడు తెగి పైకి ఎగరసాగింది. వడ్లు తడిస్తే మిల్లువాళ్లు దించుకోరు. చేతికి అందిన గట్టి తాడు ఒక్కటే, బావ జూలాకు తలవైపు కట్టిన నైలాన్ తాడు. అది విప్పి టార్పాలిన్‌కు బిగించాను. జూలాకు మాత్రం సామాన్ల పెట్టెలో పడి ఉన్న పాత తాడు కట్టాను. ఎండకూ గ్రీజుకూ పీచులు లేచిపోయిన తాడు. ఒకసారి చేత్తో లాగి చూశాను, ఆగింది. బావ రాగానే చెబుదాం అనుకొని మా వంతు ఎప్పుడో అడగడానికి మిల్లు గేటు దగ్గరికి పోయాను. అక్కడ మాటల్లో పడ్డాను.

వాన నాలుగు చినుకులు రాల్చి పోయింది. నేను తిరిగి వచ్చేసరికి లారీ చుట్టూ మనుషులు ఉన్నారు. నేను లేనప్పుడు బావ వచ్చి, నిద్రమత్తులో తాడు చూసుకోకుండానే పడుకున్నాడు, తాడు తెగింది, చక్రానికి అడ్డం పెట్టిన రాయి అంచు మీద నడుము పడింది. లేవలేకపోతున్నాడు. హోటలు పక్కనే కల్లు దుకాణం. ఆయన అటువైపు నుంచి రావడం ఎవరో చూశారు. పట్టపగలే ఎక్కించిండు అని ఒకరన్నారు, మిగతావాళ్లు నవ్వారు. నేను కిందికి దూరి బావను బయటికి లాగాను. తెగిన తాడు కమ్మీకి వేలాడుతుంటే విప్పి, ఎవరూ చూడకముందే మిల్లు ఊక కుప్పలో పారేశాను. ఎందుకలా చేశానో ఆలోచించి చేయలేదు. కానీ చేశాను.

దవాఖానలో బావ పడుకొనే ఉండి తాగలేదని, తాడు తెగిందని చెప్పాడు. అక్క నమ్మలేదు. గట్టి తాడు కొత్తగా కొన్నానని ఆయనే ఇంట్లో చెప్పి ఉన్నాడు, అది ఎట్లా తెగుతుంది? అక్క నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, నిజం చెప్పు. తాగిండా?"

నేను నేల చూశాను.

అక్క కోపానికి భయపడ్డాను, అది ఒక కారణం. ఇంకొకటి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కాసేపటి కిందనే లారీ సేటు ఫోను చేసి, బండి నువ్వు తీసుకొని లోపల పెట్టు అన్నాడు. నాకు స్టీరింగు కావాలని ఎంతో కాలంగా ఉంది. తాడు మార్చింది నేనే అని తెలిస్తే నన్ను కూడా పనిలోంచి పంపేస్తాడు. అక్క కోపం పది రోజుల్లో తగ్గుతుంది, బావ లేచి నడుస్తాడు, అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఆ సాయంత్రం లారీని మిల్లులోకి నేనే తోలాను. మళ్లీ ఆ సీటు దిగలేదు.

బావ లేచి నడిచాడు గానీ ఎక్కువసేపు కూర్చోలేడు. లారీ మానేసి వడ్లు తూచే కాంటా దగ్గర పనికి కుదిరాడు. ఆ వానాకాలంలో పిల్లకు టైఫాయిడ్ వచ్చింది. చాలా రోజులు మంచాన పడింది, జుట్టంతా ఊడిపోయింది. ఒట్టు తప్పినందుకే అని అక్క నిశ్చయించుకుంది. పిల్ల కోలుకుంది, అక్క కోలుకోలేదు. ఆ తర్వాత ఆయన చెయ్యి పిల్ల తల మీద పడనివ్వలేదు. పరీక్షకు పోయేటప్పుడు దీవించబోతే పిల్లను పక్కకు జరిపేది. పెళ్లిలో అందరూ దగ్గరికి పోయి తల మీద అక్షింతలు వేస్తే, కన్నతండ్రి రెండడుగుల దూరం నుంచి విసిరాడు. మొదట్లో బావ నేను తాగలే, నేను తాగలే అని చెబుతూ ఉండేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు. మానేసినందుకు అది నిజమే అన్నారు.

నేను లారీలు మారాను, సేట్లు మారారు. ఎండలోనూ చలిలోనూ అదే తీరుగా ఓరగా పడుకుంటున్నాను. పడుకునే ముందు తాళ్లు ఒకటికి నాలుగుసార్లు లాగి చూస్తాను. వీపుకు సుఖంగానే ఉంటుంది. నిద్ర మాత్రం తెగి తెగి వస్తుంది.

ఈ చలికాలం ఆ పిల్లకు కొడుకు పుట్టాడు. బిడ్డను మొదటిసారి తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే రోజు పొద్దున నేను లోడు దించి నేరుగా అక్క ఇంటికి పోయాను. మా ఇళ్లలో తొట్టెలను బిడ్డ తల్లికి తండ్రి అయినవాడే కడతాడు. బావ దూలానికి తాడు వేయడానికి, నడుం మీద ఒక చెయ్యి ఉంచుకొని, స్టూలు ఎక్కాడు. వంటింటి నుంచి అక్క వచ్చి చూసింది. గొంతు పెంచలేదు. చుట్టాలకు వినపడకుండా నాతో అంది.

"తమ్మీ, నువ్వు కట్టు. గా చెయ్యి వద్దు."

బావ విన్నాడు. మెల్లగా స్టూలు దిగి తాడు నా ముందుకు చాపాడు. ఆయన ముఖంలో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. పిల్ల బిడ్డను ఒళ్లో పెట్టుకొని మా ముగ్గురినీ చూస్తోంది.

నేను తాడు అందుకోలేదు. అక్క వైపు తిరిగి, ఆ రోజు బావ తాగలేదని చెప్పాను. టార్పాలిన్ గురించి, పాత తాడు గురించి, ఊక కుప్ప గురించి వరుసగా చెప్పాను. అక్క గోడకు ఆనుకొని నిలబడింది. ఇన్నేండ్లు ఏం చేసినవ్‌రా అని అడిగింది. లారీ నడిపిన అన్నాను. పిల్ల ఏడుస్తోంది. బావ మాత్రం తాడు అట్లాగే పట్టుకొని ఉన్నాడు. ఆయన కళ్లలోకి చూసి చెప్పాను.

"బావా, నువ్వు ఒట్టు తప్పలే. నాకు తెలిసి గూడ నోరు మూసుకున్న. నీ బిడ్డ తల మీద నీ చెయ్యి పడకుంట చేసింది నేను. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి బావా."