మేడం తీసేయమన్న దీపం

మా మేడం పోయారని మంగళవారం ఉదయం వాళ్ళక్క ఫోన్ చేసి చెప్పారు. వేలూరు ఆసుపత్రి నుంచి గుడియాత్తం ఇంటికి తీసుకొచ్చిన మర్నాడే ప్రాణం పోయిందట. నేను ఆమె దగ్గర పరిశోధన చేసినవాణ్ణి. వాళ్ళింట్లో తరతరాలుగా తెలుగే మాట్లాడతారు, కానీ చదువులన్నీ తమిళనాట కాబట్టి ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. నేను తెలుగులో ఏదో రాసుకుంటుంటే చూసి, తన గురించి రాసినా తాను చదవలేనని ఒకసారి నవ్వారు. ఈ నాలుగు మాటలూ ఆమె చదవనివిగానే మిగిలాయి.

వేలూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె పాఠం చెప్పేవారు. ఆమె పనంతా పీజో పట్టీల మీద. అవి వంగినప్పుడల్లా కొంచెం కరెంటు పుట్టించే పలచని పట్టీలు. పారే నీళ్ళలో కడ్డీ నిలబెడితే దాని వెనక సుడులు పుడతాయి. ఆ సుడుల్లో పట్టీ చేపతోకలా ఊగుతుంది. ఆ ఊపులోంచి వచ్చే కరెంటును కూడబెడితే చిన్న దీపం వెలుగుతుంది, అంతే. ల్యాబులో నీళ్ళ తొట్టికి పంపు వేయగానే మేడం గాజులు మోచేతి దాకా తోసుకుని నీళ్ళలో చెయ్యి పెట్టేవారు. మీటరు తరవాత చూద్దాం, ముందు నీళ్ళను పట్టి చూడమనేవారు. ఇప్పుడు నేనూ నా విద్యార్థులకు అదే చెబుతున్నాను.

ఒక వానాకాలం ఆమె తమ్ముడు పరదరామి వైపు నుంచి బండి మీద వస్తూ, ఏటికి అడ్డంగా వేసిన తగ్గు వంతెన, కాజ్‌వే మీదికి నీళ్ళెక్కిన సంగతి తెలియక కౌండిన్య నదిలో కొట్టుకుపోయాడు. కర్మలు ముగించుకుని వచ్చిన రోజు మేడం నన్ను పిలిచి, ఏరు పొంగితే తనంతట తానే వెలిగే ఎర్రదీపం చేద్దామన్నారు. సోలార్ పెట్టవచ్చు కదా అన్నాను.

"ముసురు పట్టినప్పుడు ఎండ యాడుంటాదప్పా? ఆ పొద్దు ఉండేది ఏరొకటే," అన్నారు.

ల్యాబులో దీపం బాగానే వెలిగింది. కాజ్‌వే పక్కన స్తంభానికి బిగించాక ఏట్లో వెలగలేదు. మొదటి వరదకే ప్లాస్టిక్ కవర్లు, పీచు, పాత గుడ్డలు కడ్డీకి చుట్టుకుని పట్టీ కదలడం మానేసింది. పోలీసులు తాడు కట్టి జనాన్ని ఆపారు కాబట్టి సరిపోయింది. మేడం గొడుగు కింద నిలబడి వెలగని దీపాన్నే చూస్తూ ఉండిపోయారు. వల కడితే వలే పూడిపోయింది. పట్టీ మందం చేస్తే ఊగలేదు, పలచన చేస్తే విరిగింది. ఒక్కసారి మాత్రం కొంచెంసేపు వెలిగింది. ఆ కాసేపూ ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. అది ఆరిపోయాక వదిలేసి కారెక్కారు.

తరవాత జబ్బు బయటపడింది. ఆసుపత్రికి చూడటానికి వెళ్ళినప్పుడు, వానలు మొదలయ్యేలోపల పట్టీ మార్చేస్తానని చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపారు.

"వద్దప్పా. దాన్ని పెరికేయి. లైటు ఉండాదని జనం నమ్మతా ఉండారు. వెలగలేదు గదా, నీళ్ళు లేవులే అని దిగేస్తారు. నా తమ్ముడు తెలీక దిగినాడు, వీళ్ళు మన లైటును నమ్మి దిగతారు."

ఇంకా ప్రయత్నించవచ్చని చెప్పబోయాను. ఆమె గోడవైపు తిరిగి పడుకున్నారు. నాతో ఆమె మాట్లాడిన చివరి మాటలు అవే.

దహనం అయ్యాక నేరుగా కాజ్‌వే దగ్గరికి వెళ్ళాను. స్తంభం బోల్టులు తుప్పు పట్టి చాలాసేపు కదలలేదు. పక్కన టీకొట్టు ఆయన వచ్చి సాయం పట్టాడు. పట్టి, చివరికి అడిగాడు.

"ఏల సార్ తీస్తా ఉండారు? ఇది ఉంటే మాకు కొంచెం ధైర్యంగా ఉండె."

మేడం భయపడింది సరిగ్గా ఇందుకే. ఆయనకు విడమరచి చెప్పాలనుకుని కూడా, చివరి బోల్టు విప్పడంలో పడ్డాను. ఒక మనిషి అన్నేళ్ళు పడిన పాటుకు ఆ ఊళ్ళో మిగిలింది ఒక తప్పుడు ధైర్యం, దాన్ని కూడా నేనే పెరికేశాను.

స్తంభాన్ని ఆటోలో ఎక్కించేసరికి పైన ఎక్కడో కురిసిన వానకు ఏరు ఎర్రగా తిరిగింది. నీళ్ళు కాజ్‌వే అంచు దాటి సన్నగా రోడ్డు మీదికి పాకుతున్నాయి. అవతలి ఒడ్డున ఒకాయన బండి ఆపి, పంచె పైకి కట్టుకుని, ఒక కాలు నీళ్ళలో పెట్టి లోతు చూసుకుంటున్నాడు.